పేరు చెదలు తిన్న ప్లీడరు

మీసం పెట్టుకుని దిగిన ఫోటో నా జన్మలో ఒక్కటే ఉంది. మొన్న మా ఊరు కోట నుంచి జరీనా వచ్చి చేతిలో పెట్టేదాకా ఆ ఒక్కటైనా ఉన్నట్టు నాకు తెలియదు. జరీనా మా మస్తానన్న కూతురు. మస్తానన్న మా ఊరి దర్జీ. పగలంతా మిషను తొక్కేవాడు, సాయంత్రమైతే హార్మోనియం ముందేసుకునేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. పాత కొట్టు పడగొట్టి కొత్తది కడదామని గోడకున్న అద్దం ఊడదీస్తే, దాని వెనక అట్టకు అంటుకుని ఈ ఫోటో కనబడిందట. "దీంట్లో వుండే మొగమనిషి అచ్చం నీ మాదిరే వుండాడు ఎస్తేరత్తా. మీ అన్నా?" అని అడిగింది ఆ పిల్ల అమాయకంగా. నాకు అన్నలూ లేరు, తమ్ముళ్ళూ లేరు. ఫోటో చూశాను. నెత్తిన కొబ్బరిపీచు జుట్టు, మూతి మీద మేకవెంట్రుకల మీసం, మోకాళ్ళ కింద దాకా వేలాడే నల్లకోటు. డెబ్బై దాటిన దాన్ని, నలభై ఏళ్ళు కోర్టుల్లో గొంతు చించుకున్న దాన్ని, నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. జరీనా కంగారుపడి నా వీపు నిమిరింది.

అది నేనే. కాదు, ఆ పూటకి నేను కాదు, సాల్మన్ దొర. అమెరికా అనే దేశం కొత్తగా పుట్టిన రోజుల్లో అక్కడ ప్లీడరీ చేసి, ఎన్నికల్లో గెలిచి, ఒక రాష్ట్రాన్ని ఏలిన పెద్దమనిషి. ఆయన అసలు పేరు నాకు తెలియదు. మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆ పేరుని చెదపురుగులు తినేశాయి.

మా మిషన్ ఆడపిల్లల బడిలో లైబ్రరీ అంటే ఒక బీరువా. దాని తాళంచెవి మా తెలుగు టీచరు గ్రేసమ్మ గారి బొడ్లో ఉండేది. ఎప్పుడో దొరసానులు వదిలిపోయిన పుస్తకాలు అందులో సగం మట్టిగా, సగం పుస్తకాలుగా ఉండేవి. ఒక వేసవిలో ఆవిడ వాటిని ఎండబోస్తుంటే ఈ జీవితచరిత్ర దొరికింది. అట్ట లేదు, మొదటి అధ్యాయం లేదు, చివరి అధ్యాయాలు లేవు. మధ్యలో మిగిలిన వంద పేజీల్లో ఆ రాసిన మహానుభావుడు ఎక్కడా పేరు రాయకుండా 'మన కథానాయకుడు', 'ఆ యువ న్యాయవాది' అంటూ నడిపించాడు. ఆ కాలం వాళ్ళ పొగరు అలా ఉండేది కాబోలు. గ్రేసమ్మ గారు రెండు రోజులు ఆలోచించి, వివేకం గలవాడు కాబట్టి బైబిల్లోని జ్ఞాని రాజు పేరు మీద సాల్మన్ అని ఆయనకు నామకరణం చేసింది. పాస్టరు గారు కూడా ఒప్పుకున్నాడు, ఇక బాప్తిస్మం అయిపోయినట్టే.

మిగిలిన పేజీల్లో ఉన్న కథ ఇది. దొర పల్లెలో పుట్టాడు, పశువుల్ని కాచాడు, ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరి కాగితాలు నకలు రాస్తూ రాస్తూ చట్టం నేర్చుకున్నాడు. ఆ పెద్దప్లీడరే పరీక్ష పెట్టి, నువ్వూ ప్లీడరువే పో అన్నాడు. తర్వాత ఒకనాడు శత్రుదేశపు సిపాయి ఒకడు జనం మీద తుపాకీ పేల్చాడనీ, ఒక పిల్లవాడు చచ్చిపోయాడనీ కేసు వచ్చింది. ఊరంతా ఉరి ఉరి అంటోంది. ఆ సిపాయి తరఫున మాట్లాడే దిక్కు లేదు. అప్పుడు మన దొర లేచి, నేను మాట్లాడతానన్నాడు. జనం రాళ్ళేశారు, ఆయన జడవలేదు. వాదన అయింది, పన్నెండుమంది జ్యూరీ పెద్దలు ఆలోచించుకోవడానికి గదిలోకి వెళ్ళారు. అంతే. ఆ తర్వాతి పేజీలు చెదల పొట్టలో ఉన్నాయి. ఆ సిపాయి బతికాడో చచ్చాడో దేవుడికెరుక. దొర తర్వాత ఎన్నికల్లో గెలిచి ఒక రాష్ట్రాన్ని ఏలాడని మాత్రం వెనక మిగిలిన ఒక అరపేజీని బట్టి తెలిసింది.

ఈ పుస్తకాన్ని గ్రేసమ్మ గారు బడి వార్షికోత్సవానికి నాటకం చేయాలనుకుంది. రాసింది కూడా. రాసి, దాన్ని శుభ్రంగా నాలుగు ప్రతులు తీయమని మా నాయనకిచ్చింది. మా నాయన దేవసహాయం మా ఊరి కోర్టులో పెద్దప్లీడరు గారి గుమాస్తా. ఆయన చేతిరాత ముత్యాలే గానీ, ఏది రాసినా దావా అర్జీ అయిపోయేది. నా డైలాగుల ప్రతిలో 'సదరు సాల్మన్ దొర సదరు జైలుకు వచ్చి సదరు సిపాయిని చూచి మిక్కిలి దుఃఖించడమైనది' అని ఉండేది. చివర్లో అలవాటుకొద్దీ 'పై సంగతులు నాకు తెలిసినంతవరకు నిజములు' అని కూడా రాశాడు. గ్రేసమ్మ గారు అది చదివి కళ్ళజోడు తీసి నవ్వింది.

నాయన దగ్గర ఎప్పుడూ లక్క వాసన, సిరా వాసన. అమ్మ దగ్గర ఫినాయిలు వాసన. మా అమ్మ మరియమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా, వార్డులు కడిగేది. సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చాక అమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోమేది, నాయన ఎదురుగా పీట వేసుకుని ఆ రోజు కోర్టులో జరిగిందంతా వినిపించేవాడు. మా ప్లీడరు ఈ మాట అడిగుండాల్సింది, అడగలా. నేనైతే ఇట్టా అడిగేవాణ్ణి. అప్పుడు సాక్షి ఏమనేవాడంటే... అంటూ ఇద్దరి గొంతులూ తనే పలికేవాడు. కోర్టులో మాత్రం ఆయన నోరు విప్పకూడదు. ప్లీడరు గారి వెనక నిలబడి, కావలసిన కాగితం కావలసిన క్షణానికి అందించడమే ఆయన పని. నోట్లో ఉన్న మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చి చేపల ముందు ఒలకబోసేవాడు. నేను గడప మీద కూర్చుని పుస్తకం తెరిచి, చదువుతున్నట్టు నటిస్తూ చెవులు అటు వేసేదాన్ని.

ఆ సాల్మన్ దొర గుమాస్తాగా మొదలయ్యాడన్న సంగతి మా నాయనని పట్టుకుని వదల్లేదు. గ్రేసమ్మ గారి దగ్గర పుస్తకం అడిగి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని నెలరోజులు చదివాడు. "ఆ దేశంలో గుమాస్తా కూడా ప్లీడరు కావచ్చంట మరియా. కాలేజీ లేదు, ఏమీ లేదు. చదువుకుంటే చాలంట" అన్నాడు ఒక సాయంత్రం, ఆకాశం కేసి చూస్తూ. అమ్మ చేప తల కోస్తూ, "ఆ దేశంలో మంచు కూడా కురస్తదంట. ఆ నీళ్ళ చెంబు ఇట్టా అందియ్యి" అంది.

నా బాధ కూడా ఆ గడప మీదే మొదలైంది. నాది అప్పుడు స్కూలు ఫైనలు. అమ్మ కోరిక నన్ను నర్సు చేయాలని. ఆసుపత్రిలో మేట్రన్ గారిని బతిమాలి నర్సు ట్రైనింగు దరఖాస్తు కూడా తెచ్చింది. తప్పుపట్టడానికి లేదు. రోజంతా వంగి నేల తుడిచే మనిషికి తలెత్తితే కనబడేది తెల్లటి నర్సు బట్టలు. "నర్సమ్మ వస్తే డాక్టరు కూడా దారిస్తాడు మే" అనేది కళ్ళు మెరిపిస్తూ. నాకేమో ప్లీడరు కావాలని ఉంది. ఒకరోజు గుండె చిక్కబట్టుకుని ఆ మాట అనేశాను. అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు.

"పాపా, ఇరవై రెండేళ్ళుగా ఆ కోర్టులో నిలబడుండా" అన్నాడు నిదానంగా. "ఆడమనిషి ఏడ్చేదానికి రావడం చూసినా. సాక్ష్యం చెప్పేదానికి రావడం చూసినా. వాదించేదానికి రావడం చూళ్ళేదు. నువ్వు నోరు తెరిస్తే వినేదెవురు? ఒకడు దగ్గుతాడు, ఒకడు బయటికి పోతాడు, జడ్జి గడియారం చూసుకుంటాడు. మొగోణ్ణి, నా మాటే ఎవురూ వినలేదు." ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని ఆయనకే అనిపించినట్టుంది, లేచి వెళ్ళిపోయాడు. బడి వార్షికోత్సవం అయిన మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి జీపు నెల్లూరికి దరఖాస్తులు తీసుకుపోతుందట. "నాటకం కానీండి. అయినాక సంతకం పెడతా" అన్నాడు అమ్మతో. నేను ఆ రాత్రి దిండులో ముఖం పెట్టి పడుకుని ఒక్కటే అనుకున్నాను. ఊరంతా వచ్చే ఆ నాటకంలో నేను నోరు తెరిస్తే వినకుండా ఎట్టా పోతారో చూస్తా.

ఆ నెల మా బడి బడిగా లేదు. పొడుగ్గా ఉన్నానని సాల్మన్ దొర వేషం నాకు పడింది. అమెరికా దొరలకు మీసాలుండవని పుస్తకంలో బొమ్మ ఉన్నా గ్రేసమ్మ గారు ఒప్పుకోలేదు, మీసం లేకుండా ప్లీడరేందే అంది. మస్తానన్న మేకవెంట్రుకలు కత్తిరించి తెచ్చి తుమ్మజిగురుతో అంటించాడు. ఎండిన జిగురు మూతిని బిగించేసేది, నవ్వొస్తే చర్మం ఊడొచ్చేంత పని. కోటు పెద్దప్లీడరు గారిది. నాఫ్తలీను వాసన, జేబుల్లో వక్కముక్కలు. చనిపోయిన పిల్లవాడి తల్లి వేషం పాస్టరు గారి కూతురు రాహేలుది. రాహేలు గొంతెత్తి పాడితే చర్చి ముందు పోయే ఎడ్లబండ్లు ఆగేవి. సిపాయి వేషం ఎనిమిదో తరగతి కరుణది, చాలా సన్నంగా ఉండేది, తుపాకీ ఎత్తమంటే తనే ఊగిపోయేది. అసలు తుపాకీ పేలే ఘట్టాన్నే తీసేశారు, టపాకాయలు కాలిస్తే చిన్నపిల్లలు జడుసుకుంటారని హెడ్మిస్ట్రెస్ గారు ఒప్పుకోలేదు.

ఇక జ్యూరీ. పన్నెండు వేషాలకి పన్నెండు కోట్లు ఎక్కడ తేవాలి? అప్పుడు గ్రేసమ్మ గారికి ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఊరి పెద్దల్ని ఎలాగూ పిలవాలి, పిలిస్తే స్టేజీ మీద కుర్చీ వేయకపోతే అలుగుతారు. వాళ్ళనే జ్యూరీగా కూర్చోబెడితే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. రైసుమిల్లు రెడ్డి గారు, పోస్టుమాస్టరు గారు, పాస్టరు గారు, పెద్దప్లీడరు గారు, ఇంకా ఎనిమిదిమంది. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. చివర్లో రెడ్డి గారు లేచి 'నేరస్థుడు కాడు' అనాలి, అంతే, ఒక్క మాట. రెడ్డి గారు ఆ మాటని కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు.

మా నెల్లూరు జిల్లా జనానికి నాటకం అంటే పద్యం. మనిషి ఏ దేశపువాడైనా, ఏ కాలపువాడైనా, స్టేజీ ఎక్కితే పద్యం పాడాల్సిందే, రాగం తీయాల్సిందే. నచ్చితే 'వన్స్‌మోర్' అంటారు. అంటే మళ్ళీ పాడాలి. చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి పాడి, మళ్ళీ పడుకోవాలి. ఆ మర్యాద తప్పితే ఊరుకోరు. అందుకని గ్రేసమ్మ గారు అమెరికా దొరకి పద్యాలు రాసింది, జైలర్ కి పద్యం రాసింది, సిపాయికి ఒకటి, తల్లికి మూడు. రాహేలుకు మూడు ఇవ్వడమే కొంపముంచింది.

ఎండ వాలగానే నాటకం మొదలైంది. బడి బెంచీలన్నీ కలిపి స్టేజీ, పక్కన నేల మీద మస్తానన్న హార్మోనియం, తెర వెనక ప్రాంప్టింగ్ కాగితాలు పట్టుకుని మా నాయన. మైదానం నిండా జనం, వాళ్ళలో ఎవరో ఆ ఫోటో తీసినట్టున్నారు, నేను గమనించనే లేదు. ముందు వరసలో అమ్మ, కడిగిన చేతులతో, చర్చికి కట్టుకునే చీరతో. మొదటి అంకాలు బాగానే గడిచాయి. నా పద్యానికి ఎవరూ వన్స్‌మోర్ అనలేదు, నిజం చెప్పాలి కదా. పక్క పల్లె నుంచి వచ్చిన ఒకాయన గట్టిగా ఆవలించాడు. చూశావా అన్నట్టు తెర సందులోంచి నాయన కళ్ళు నాకు కనబడ్డాయి.

అప్పుడు రాహేలు వచ్చింది. చనిపోయిన కొడుకు చొక్కా చేత్తో పట్టుకుని, కొంగు జారిపోతుంటే సర్దుకుంటూ, సాక్షి బోనులో నిలబడి పాడింది. ఆ పాట ఎలా ఉందో ఇప్పుడు చెప్పలేను గానీ, వేరుశెనక్కాయలు అమ్మే ఆవిడ బుట్ట దించేసి ఏడ్చింది. వన్స్‌మోర్! మళ్ళీ పాడింది. మస్తానన్న కళ్ళు మూసుకుని హార్మోనియం మీద పడిపోయాడు, ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. వన్స్‌మోర్! రెండో పద్యం, మూడో పద్యం, మళ్ళీ మొదటిది. జ్యూరీలో పోస్టుమాస్టరు గారు ముక్కు చీదుకున్నారు. పాస్టరు గారు కూతుర్ని చూసి పొంగిపోయి, వెంటనే సందర్భం గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. నేను నా ముగింపు వాదన పద్యం ఎప్పుడు పాడానో, ఎవరికి వినబడిందో దేవుడికెరుక. తీర్పు వేళయింది. రైసుమిల్లు రెడ్డి గారు లేచారు. జేబులో కాగితం సంగతి ఆయనకు గుర్తే లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ తల్లి అంతగా ఏడస్తా వుంటే వొదిలిపెట్టమంటారా?" అని గర్జించారు. "ఉరే! ఏమంటారయ్యా?"

"ఉరే, ఉరే" అన్నారు మిగతా పెద్దలు. జనం చప్పట్లు.

బోనులో కరుణ నోరు తెరిచింది. "నన్ను వొదిలేస్తారని చెప్పినారు గదా టీచర్!" అని భోరుమని నిజం ఏడుపు ఏడ్చింది. తెర వెనక గ్రేసమ్మ గారు "స్తోత్రం ప్రభువా, స్తోత్రం ప్రభువా" అని గోడకు చేరగిలబడింది. నేను నాయన వైపు చూశాను. ఏదైనా అందిస్తాడేమోనని. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, "నా కాడ లేదు పాపా. పేజీ అయిపోయింది" అన్నాడు తెల్లబోయి.

సాల్మన్ దొర బతుకేమిటి? ఆయన గెలవాలి, గెలిచి ఎన్నికల్లో నిలబడాలి. నా బతుకేమిటి? రేపు పొద్దున్నే జీపు. చెమటకు జిగురు కరిగి మేకవెంట్రుకలు నోట్లోకి వస్తున్నాయి. మీసం పీకి కింద పడేశాను. జనం గొల్లుమన్నారు. నవ్వనీ, నవ్వితే కనీసం ఇటు చూస్తున్నట్టే కదా.

"అయ్యా రెడ్డి గారూ, నిమిషం కూసోండి" అన్నాను. పద్యమూ లేదు, రాగమూ లేదు, మా పెరటి భాషే. "సాక్షిని నేను ఇంకా ఏమీ అడగలా. అడిగినాక ఉరి సంగతి చూద్దురు."

రెడ్డి గారు ఆశ్చర్యపడి కూర్చున్నారు. నేను రాహేలు ముందుకు పోయి నిలబడ్డాను. "అమ్మా, నీ కొడుకుని కాల్చింది ఈ సిపాయేనా?"

"అవునంట" అంది రాహేలు.

"అంటనా? నువ్వు కళ్ళతో చూళ్ళేదా?"

రాహేలు బిక్కచచ్చిపోయింది. ఈ ప్రశ్న దాని కాగితంలో లేదు. గ్రేసమ్మ గారి కోసం అటు చూసింది. ఇటు తిరిగితే జ్యూరీ కుర్చీలో వాళ్ళ నాన్న పాస్టరు గారు. ఆయన ఎదుట అబద్ధమాడి ఇంటికెళ్ళి బతకగలదా? "నేనెట్టా చూస్తానే ఎస్తేరూ?" అంది ఏడుపు గొంతుతో. "అప్పుడు నేను తెర వెనక చీర కట్టుకుంటా వుండా గదా! కొంగుకు పిన్నీసు పెట్టింది నువ్వే గదా మే!"

మైదానం పేలిపోయింది. పెద్దప్లీడరు గారు కుర్చీలోంచి పడబోయి పోస్టుమాస్టరు గారిని పట్టుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు, ఎలా ఆపుకున్నానో ఇప్పటికీ తెలియదు. జ్యూరీ వైపు తిరిగి, "విన్నారు గదయ్యా. చూడని మనిషి ఏడుపుని బట్టి ఈ మనిషిని ఉరి తీస్తారా?" అన్నాను.

"మరి ఎవురు చూసినారు?" అన్నారు రెడ్డి గారు, ఇప్పుడు నిజంగానే విచారణలో దిగిపోయి.

"ఎవురూ చూళ్ళేదయ్యా. తుపాకీ పేలే అంకం మేం ఆడనే లేదు. కావాలంటే ఈ జనాన్నే అడగండి, ఒక్కరన్నా చప్పుడు విన్నారేమో."

"వినలా, వినలా" అన్నారు జనం, వేరుశెనక్కాయల ఆవిడతో సహా.

రెడ్డి గారు తొడ చరిచి లేచారు. "సాక్ష్యం లేకుండా ఉరేంది? వొదిలెయ్యండా బిడ్డని!" కరుణ బోను దూకి వాళ్ళమ్మ దగ్గరికి పారిపోయింది. అప్పుడు వెనక వరసల్లోంచి వినబడింది నాకు, నెల రోజులుగా ఎదురుచూసిన మాట. వన్స్‌మోర్! పద్యానికి కాదు, పాటకి కాదు, క్రాస్ ఎగ్జామినేషన్ కి వన్స్‌మోర్! మర్యాద తప్పకూడదు కదా, కరుణని మళ్ళీ ఎత్తుకొచ్చి బోనులో నిలబెట్టారు, నేను మళ్ళీ అడిగాను. ఈసారి రాహేలు సిద్ధపడి, 'తెర వెనక చీర కట్టుకుంటా వుండా' అన్న మాటని రాగం తీసి పాడింది. మస్తానన్న శ్రుతి అందించాడు. ఆ తర్వాత ఎన్నికల అంకంలో దొర ఓట్లడుగుతుంటే, గుర్తేందో చెప్పకుండా ఓటెట్టా వేసేదని ఎవరో అరిచారు. మస్తానన్న చెయ్యెత్తి, "హార్మోనియం గుర్తు!" అన్నాడు. సాల్మన్ దొర ఏకగ్రీవంగా గెలిచాడు.

ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడుగునా జనం నన్ను పట్టుకుని మాట్లాడారు. నాయన కాగితాల కట్ట చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. ఇంట్లో అమ్మ దీపం వెలిగించి, దరఖాస్తు తెచ్చి బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. నాయన కూర్చున్నాడు. పెన్ను పట్టుకోలేదు.

"రాహేలు 'చూసినా' అని చెప్పుంటే ఏం చేసేదానివి?" అన్నాడు నాతో.

"చెప్పలేదు గదా" అన్నాను.

"చెప్పుంటే? ఏం జెప్తదో తెలవకుండా అడుగుతావా? సాక్షిని, జవాబు నీకు ముందుగా తెలియని ప్రశ్న అడగబాకు. అది ఒకటి. 'అంట' అన్నప్పుడే ఆపేసుండాల్సింది. అది రెండు. జ్యూరీని చూసి అడగాల గానీ సాక్షిని చూసి గాదు. చేతులు కోటు జేబుల్లో పెట్టినావు, ఎందుకు పెట్టినావు?" ఒకటా రెండా, వేళ్ళు మడుస్తూ నా తప్పులు పదకొండు చెప్పాడు. ఊరంతా మెచ్చుకున్న చోట కన్నతండ్రి తప్పులేరుతుంటే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మకు కోపమొచ్చింది. "ఏందయ్యా, గెలిచింది గదా బిడ్డ! ఇంకా ఎందుకు సాధిస్తావు?"

"గెలిచింది. ఈ తూరి గెలిచింది" అన్నాడు నాయన గట్టిగా. "రేపు నిజం కోర్టులో అట్టా అడిగిందంటే మునిగిపోద్ది!"

అని, ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనే విన్నాడు. అమ్మ కూడా విన్నది. నా ఏడుపు దానంతటదే ఆగింది. అమ్మ దరఖాస్తు కేసి చూసింది. పాపం, ఎన్నాళ్ళ కోరిక అది. తర్వాత పెన్నుకి మూత పెట్టేసింది. "తెల్లగుడ్డలు తొడిగి చూసుకుందామనుకున్నా" అంది ముక్కు ఎగబీలుస్తూ. "సర్లే. నల్లకోటైతే మాసినా తెలవదు." జీపు మర్నాడు పొద్దున నేను లేకుండానే నెల్లూరికి పోయింది. నేనా పొద్దున పిచ్చిదానిలా పెరట్లో గెంతాను, కోళ్ళు జడుసుకుని గోడెక్కాయి.

ఇప్పుడు కోట పోతే దారికి రెండు వైపులా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలుకుతూ తిరిగే చక్రాలు, నీళ్ళ మీద నురగ. బడి మైదానంలో సగం కొత్త గదులొచ్చాయి. కోర్టులో ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవాల్సిన పని లేదు. జడ్జి ఆడమనిషి, అటు ప్లీడరు ఆడమనిషి, ఇటు ప్లీడరు ఆడమనిషి. ఎవరూ వింతగా చూడరు. ఇంట్లో కూర్చుని కంప్యూటరు తెర మీద వాదించే రోజులు కూడా వచ్చాయి. బాగుంది, కాదనను. కానీ తప్పు లెక్కపెట్టి పదకొండని చెప్పే తీరిక ఇప్పుడు ఎవరికుంది? నా దగ్గర జూనియర్లుగా చేరిన పిల్లలు వాదన కాగానే ఎలా ఉంది మేడమ్ అంటారు. బాగుందమ్మా అంటే చాలు, ఫోను తీసి చూసుకుంటూ పోతారు. ఒక్కోసారి ఒళ్ళు మండి తప్పులు చెప్పబోతాను. పాపం, ముఖాలు చిన్నబోతాయి. అప్పుడు నేనే సర్దుకుంటాను.

నెల్లూరులో నా చదువులన్నీ అయ్యి, నల్లకోటు వేసుకుని నా మొదటి కేసు వాదించింది నాయుడుపేటలో. గేదె ఒకటి పక్కవాడి నారుమడి మేసేసిన దావా. నేను గేదె తరఫు. నాయన ఆ రోజు సెలవు పెట్టి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. కోర్టు గోడ వారన కాదు, ప్లీడరు వెనక కాదు, కక్షిదార్ల మధ్య, చేతులు ఖాళీగా. నేను దూకుడు మీదున్నాను. సాక్షిని నిలేసి, "మేసింది మా వాళ్ళ గేదేనని నీకెట్టా తెలుసు?" అని అడిగాను. "నాకు తెలవకుండా ఎవురికి తెలస్తదమ్మా? వాళ్ళకు దాన్ని అమ్మింది నేనే గదా" అన్నాడు వాడు. అక్కడితో నా కేసు నారుమడి దారి పట్టింది.

సాయంత్రం కోట బస్సులో తల కిటికీకి ఆనించి కూర్చున్నాను, ఏడుపు రాకుండా పళ్ళు బిగపట్టి. నాయన సీటున్నా కూర్చోకుండా రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. టిక్కెట్టు కొట్టేవాడు రాగానే, "ఇది మా పాప. ప్లీడరు. ఈ పొద్దు కోర్టులో వాదించి ఓడిపోయింది" అన్నాడు. నేను నివ్వెరపోయాను. తర్వాతి స్టాపులో ఎక్కినవాళ్ళకీ అదే చెప్పాడు, ఆ తర్వాతి స్టాపులోనూ అదే. ముఖం వెలిగిపోతోంది, ఎవరైనా చూస్తే నేను హైకోర్టులో గెలిచొచ్చానేమో అనుకోవాలి. నేను చొక్కా పట్టుకుని లాగినా ఆగలేదు. చేపల గంప ఒడిలో పెట్టుకున్న ఒక ముసలమ్మ నన్ను చూసి జాలిపడింది.

"ఓడిపోయిందా బిడ్డ! అయ్యో పాపం."

"పాపమేంది తల్లీ?" అన్నాడు మా నాయన, బస్సంతా వినబడేట్టు. "గంటసేపు మాట్లాడింది. జడ్జి గడియారం చూసుకోలేదు. ఒక్కడు లేచి పోలేదు. చివరాకరి దాకా అందురూ విన్నారు!"